ముక్కుతో పనిచేసే కుక్క: ఇంట్లో నేర్పడం, ఇంట్లో చూసుకోవడం ఎలా

మా లచ్చి ఆరేళ్ల లాబ్రడార్. సాయంత్రాలు ఫంక్షన్ హాళ్ల గేటు దగ్గర కార్ల చుట్టూ తిరిగి వాసన చూస్తుంది. రాత్రికి అల్వాల్‌లో మా ఇంటికొచ్చి అమ్మ మంచం కింద పడుకుంటుంది. గేటు దగ్గర దాని పని చూసినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, మా ఇంట్ల కుక్కకు కూడా ఇట్ల నేర్పొచ్చా?"

నేర్పొచ్చు. లాబ్రడారే అక్కర్లేదు, వీధిలోంచి ఎత్తుకొచ్చుకున్న మన దేశీ పిల్లయినా చాలు. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలుంటే కుక్కకు జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయి. వాసన చూసేటప్పుడు అది సెకనుకు ఐదారుసార్లు గాలి పీలుస్తుంది. వదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి పోతుంది కాబట్టి ముందున్న వాసన చెదరదు. ఇంత పనిముట్టు పుట్టుకతోనే తెచ్చుకున్న జీవికి మనం చెప్పాల్సినవి రెండే: ఏ వాసన కావాలి, దొరికాక మనకెలా చెప్పాలి. మిగతా శిక్షణంతా మనకే. అది చెప్పింది నమ్మడం నేర్చుకోవాలి. నాకిది ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో కింద రాస్తాను.

మొదలుపెట్టే ముందు ఒక గట్టి మాట. నేర్పడానికే కదా అని గంజాయి ముక్కో, టపాసుల మందో ఇంట్లో పెట్టుకోవద్దు. గంజాయికి 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్), పేలుడు పదార్థాలకు 1908 నాటి చట్టం ఉన్నాయి. కుక్కకు నేర్పుతున్నానంటే ఎవరూ ఒప్పుకోరు. పోలీసు జాగిలాలకు అసలు వాసనలు నేర్పడానికి వేరే చోటుంది. మన దగ్గర మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో జాగిలం, దాన్ని నడిపించే హ్యాండ్లర్ ఇద్దరూ కలిసి నెలల తరబడి నేర్చుకుని, పరేడ్ చేసి బయటికొస్తారు. అక్కడ కూడా ఒక జాగిలానికి ఒక పనే. బాంబు వాసన పట్టేదానికి గంజాయి నేర్పరు. అది కూర్చుందంటే దగ్గరికెళ్లి బ్యాగు విప్పాలో, జనాన్ని దూరంగా తోలాలో హ్యాండ్లర్‌కు అప్పటికప్పుడు తెలియాలి కదా. శవాల వాసన పట్టేవి మళ్లీ వేరు. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలినప్పుడు అలాంటి జాగిలాలు కేరళ పోలీసుల దగ్గర్నుంచి వచ్చాయి.

మనం ఇంట్లో లవంగ నూనెతో చేద్దాం. కుక్కలు వాసన పట్టే పోటీల్లో బర్చ్ అనే చెట్టు నూనె, సోంపు, లవంగ నూనెలు వాడతారు. మూడింట్లో లవంగమే మనకు ఏ కిరాణా వీధిలోనైనా దొరుకుతుంది.

మొదటి పని: దేనికోసం పనిచేస్తుందో కనిపెట్టండి

ఒక టెన్నిస్ బంతి తీసుకుని మోకాలెత్తు గడ్డిలోకి విసరండి. కుక్క పరుగెత్తి, కనపడక, ఐదు సెకన్లలో వెనక్కొచ్చేస్తే దానికి బంతి మీద అంత మోజు లేనట్టు. రెండు నిమిషాలైనా ముక్కు నేలకేసి అక్కడక్కడే తిరుగుతుంటే అదే మీకు కావాల్సిన కుక్క. బంతి పట్టించుకోనిది ఉడికించిన చికెన్ ముక్క కోసం పనిచేయొచ్చు. తిండి ఇష్టపడే కుక్కలూ చక్కగా నేర్చుకుంటాయి, చిరాకుపడకండి.

బంతో, చికెనో, దాని కూలి ఏదో తేలాక దాన్ని దాచేయండి. ఆ బంతి ఇంట్లో నేలమీద దొర్లకూడదు, పిల్లలు దానితో ఆడకూడదు. లచ్చి బంతి ఆరేళ్లుగా నా ప్యాంటు జేబులోనే ఉంది. ఉతికేటప్పుడు మాత్రమే బయటికొస్తుంది.

ఇంకొకటి: "శభాష్" లాంటి ఒక మాట ఎంచుకోండి. ఆ మాట అన్న మరుక్షణం కూలి ఇవ్వాలి. రోజుకు ఇరవైసార్లు, వారం రోజులు, ఏ పనీ లేకుండా ఊరికే శభాష్ అని ఇవ్వండి. ఆ మాట వినగానే చెవులు లేస్తున్నాయంటే వేళ్లూనుకున్నట్టే.

రెండో పని: వాసన సరుకు తయారు చేసుకోండి

ఇక్కడ చేసిన చిన్న తప్పు నెలల తర్వాత బయటపడుతుంది కాబట్టి వివరంగా చెప్తాను.

మూత గట్టిగా పట్టే గాజు సీసా ఒకటి కొత్తది తీసుకోండి. పచ్చడి సీసా ఎంత కడిగినా పనికిరాదు. అడుగున చిన్న దూది ఉండ పెట్టి దానిమీద రెండే చుక్కల లవంగ నూనె వేయండి. చెవి పుల్లలు ఒక డజను మధ్యకు విరిచి, నూనె తగలకుండా, దూది మీద ఒక కాగితం ముక్క అడ్డం పెట్టి వేయండి. మూత బిగించి ఒక రోజు వదిలేయండి. పుల్లలకు పట్టే ఆవిరే చాలు. చిక్కటి నూనె కుక్క నాలుకకు తగిలితే నోరు, కడుపు మండుతాయి. కాబట్టి పుల్లను కూడా దానికి అందనివ్వకూడదు.

తర్వాత డబ్బాలు. బేగంబజార్‌లో చిన్న స్టీలు డబ్బాలు డజన్ల లెక్కన దొరుకుతాయి. పన్నెండు కొనండి, అన్నీ ఒకే రకం. మూతలకు మేకుతో ఐదారు చిల్లులు పెట్టండి. అందులో రెండిటికి కిందిభాగాన గుర్తు గీసి, వాసన పుల్ల జీవితాంతం వాటిలోనే పెట్టండి. మిగతా పదింటిలో వాసన పట్టని ఉత్త పుల్లలు వేయండి. రెండు రకాలూ ఒకే సంచిలో పెట్టకండి, ఒకే చేత్తో ముట్టుకోకండి. నేను ఉత్త డబ్బాలు ముందు సర్ది, తర్వాత గ్లౌజులు తొడిగి వాసన డబ్బా పెట్టి, ఆ గ్లౌజులు బయట పారేస్తాను. లేకపోతే కుక్క మీ చేతి వాసన ఎక్కడుందో వెతకడం నేర్చుకుంటుంది. లవంగం వెతుకుతోందని మీరు అనుకుంటూ ఉంటారు.

మూడో పని: వాసనకు కూలి కట్టించండి

ఒక గుర్తు డబ్బా చేత్తో పట్టుకుని కుక్క ముందు కూర్చోండి. అది కుతూహలంగా ముక్కు తెచ్చి చిల్లుల దగ్గర పీల్చిన క్షణమే "శభాష్", కూలి. ఆ కూలి కూడా డబ్బా పక్కనే ఇవ్వండి, మీ ఒళ్లో కాదు. పదిసార్లు చేసి ఆపేయండి. కుక్క ఇంకా కావాలని చూస్తుండగానే ఆపాలి.

మూడు రోజుల తర్వాత రెండు డబ్బాలు నేలమీద పెట్టండి, ఒకటి ఉత్తది. తర్వాత నాలుగు. తర్వాత ఎనిమిది వరసగా. ఉత్త డబ్బా దగ్గర ఆగితే ఏమీ అనకండి. కదలకుండా నిలబడండి, అదే ముందుకు పోతుంది. వాసన డబ్బా ప్రతిసారీ వేరే చోట ఉండాలి. మన చేతికి తెలియకుండానే మూడో స్థానమో చివరి స్థానమో అలవాటవుతుంది. అందుకే నేను పాచికలు వేసి స్థానం తీస్తాను.

నాలుగో పని: కూర్చుని చెప్పడం నేర్పండి

దొరికిందని కుక్క ఎలా చెప్పాలి? మొరగొచ్చు, గోకొచ్చు, కూర్చోవచ్చు. నా పనిలో కూర్చోవడం ఒక్కటే పద్ధతి. బ్యాగులో బాంబుంటే దాన్ని గోకే జాగిలం ఎవరికి కావాలి? 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు, 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు చూసిన ఊరు మనది. మీరు నేర్పేది లవంగమే అయినా ఈ మర్యాద మొదటి నుంచీ నేర్పండి.

ముందు విడిగా "కూర్చో" బాగా రానివ్వండి. తర్వాత వాసన డబ్బా దగ్గర అది ముక్కు ఆనించినప్పుడు శభాష్ అనకుండా ఒక్క క్షణం ఆగండి. ఏం జరిగిందా అని మీవైపు చూస్తుంది. అప్పుడు మెల్లగా "కూర్చో" అనండి, కూర్చోగానే కూలి. నాలుగైదు రోజుల్లో మీరు అనకముందే కూర్చుంటుంది. ఆ రోజు నుంచి ఆ మాట వాడకండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు అదే. లచ్చి మొదటిసారి తనంతట తాను కూర్చున్నప్పుడు తోక నేలమీద ఊడుస్తూ ఉంది, ముక్కు మాత్రం చిల్లుల మీంచి వెంట్రుకవాసి కదల్లేదు.

ఐదో పని: గది, గాలి, ఫ్యాను

ఇప్పుడు డబ్బా దాచండి. సోఫా కింద, బీరువా వెనక, షూ ర్యాకులో. కుక్క తలుపు దగ్గరకొచ్చాక "వెతుకు" అనండి, తర్వాత నోరు మూసుకోండి. రెండు, మూడు నిమిషాలకు మించి వెతికించకండి.

మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాను పెద్ద సమస్య. ఫ్యాను కింద వాసన గది నలుమూలలకీ పోయి గోడలకు కొట్టుకుని తిరుగుతుంది. డబ్బా ఇటుంటే కుక్క అటు మూల తచ్చాడుతుంది. మొదట్లో ఫ్యాను ఆపండి. నెల తర్వాత వేయండి, ఆ తర్వాత కూలర్ కూడా. డబ్బా పెట్టగానే వెతికించకుండా పావుగంట ఆగితే వాసన కాస్త పరుచుకుంటుంది. ఎత్తులో దాచింది అన్నిటికన్నా కష్టం. వాసన కిందికి జారి నేలమీద చేరుతుంది కాబట్టి కుక్క అక్కడే కూర్చోబోతుంది. నడుమెత్తు కుదిరాకే అల్మారా పైకి వెళ్లండి.

దేవుడి గదిలో అగరొత్తి వెలిగించినప్పుడు, ఎవరైనా అత్తరు పూసుకుని వచ్చినప్పుడు మొదటి రెండు నెలలు పని పెట్టకండి. తర్వాత కావాలనే పెట్టండి, ఎందుకంటే బయట ప్రపంచమంతా అలాగే ఉంటుంది. వంటింట్లో మాత్రం ఎప్పుడూ వెతికించకండి. గరం మసాలా డబ్బా ముందు కూర్చున్న కుక్క పని సరిగ్గానే చేస్తున్నట్టు.

ఆరో పని: మీకే తెలియకుండా దాపించండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నా తప్పూ ఇక్కడే ఉంది.

లచ్చికి అప్పుడు పద్నాలుగు నెలలు. అసలు వాసనల శిక్షణకు పంపకముందు మా బిల్డింగు మెట్ల మీద లవంగంతో పని చేయిస్తున్నాను. డబ్బా రెండో అంతస్తులో చెప్పుల స్టాండు వెనక నేనే పెట్టాను. లచ్చి మొదటి అంతస్తులోనే ఆగిపోయింది. మెట్టు మీద కూర్చుని ఉన్న పక్కింటి అమ్మమ్మ ముందు కూర్చుంది. నేను "కాదు" అని తాడు లాగాను. అది నన్ను చూసింది, అమ్మమ్మ కొంగు చూసింది, కదల్లేదు. మళ్లీ గట్టిగా లాగాను. అమ్మమ్మకే జాలేసింది. "ఎందుకురా బిడ్డా దాన్ని గుంజుతవ్, ఏదో అడుగుతుంది నన్ను" అని కొంగుముడి విప్పింది. పంటినొప్పికని కట్టుకున్న నాలుగు లవంగాలు.

ఆ తర్వాత దాదాపు పది రోజులు లచ్చి సరైన డబ్బా దగ్గరికొచ్చి కూడా కూర్చునే ముందు నా మొహం చూసేది. నేను ఒప్పుకుంటే కూర్చుందామని. హ్యాండ్లర్ మొహం చూసి కూర్చునే జాగిలం హ్యాండ్లర్ అనుమానించినవాడినే పట్టిస్తుంది, అనుమానం రానివాడిని వదిలేస్తుంది. ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. 2011లో అచ్చయిన పరిశోధనలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ వాళ్లు 18 జట్లను అసలు ఏ వాసనా దాచని చోటికి పంపారు. ఎర్ర కాగితం కనపడితే అక్కడ సరుకు ఉన్నట్టేనని హ్యాండ్లర్లకు చెప్పారు. 144 సార్లు వెతికితే, ఎక్కడా ఏమీ లేదని తేల్చినవి 21 మాత్రమే. కుక్కల ముక్కు చెడిపోలేదు, పట్టుకున్నవాళ్ల నమ్మకం తాడుగుండా కిందికి దిగింది.

కాబట్టి నేర్చుకోవడం మొదలైన మూడో నెల నుంచి డబ్బా ఇంకొకరితో దాపించండి. ఇంట్లో పిల్లలు దీనికి బాగా పనికొస్తారు, మనకు తట్టని చోట్లు వాళ్లకు తడతాయి. దాచినవాళ్లు వేరే గదిలో ఉండాలి, లేకపోతే కుక్క వాళ్ల కళ్లు చదువుతుంది. మూడోవంతు సార్లు అసలేమీ దాచకుండా ఖాళీ గది వెతికించండి. వెతికి, ఏమీ చెప్పకుండా బయటికొస్తే దానికీ మెచ్చుకోలు ఉండాలి. బయట ఒక తేలిక డబ్బా పెట్టి అది పట్టనిచ్చి కూలి ఇవ్వండి.

మీకు సమాధానం తెలియనప్పుడు "కాదు" అనే మాట నోట్లోంచి రాకూడదు. అనుమానమొస్తే ఆగి, వెళ్లి చూడండి. చూశాక కూడా ఏమీ దొరకలేదా, కూలి ఇవ్వకుండా, తిట్టకుండా ముందుకు నడవండి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, వేళ, ఎండ, ఎక్కడ, ఎవరు దాచారు, ఎంతసేపట్లో దొరికింది, తప్పు చెప్పిందా. నెల తిరిగాక తిరగేస్తే మీ తప్పులు మీకే కనపడతాయి.

ఏడో పని: వీధిలోకి

హైదరాబాద్‌లో మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఆరున్నర లోపే బయటి పని ముగించండి. తారురోడ్డు మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు. రొప్పే కుక్క వాసన సరిగ్గా చూడలేదు. నోటితో ఊపిరి తీసేటప్పుడు ముక్కు పని తగ్గిపోతుంది. నాలుక వెడల్పుగా వేలాడుతుంటే నీడకు తెచ్చి నీళ్లివ్వండి, పని మర్చిపోండి. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 104 దాటి, తూలుతుంటే పొట్ట, తొడల మీద చల్లటి నీళ్లు పోస్తూ, గాలి తగలనిస్తూ డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

వీధి కుక్కలు ఎదురైతే మీరు మధ్యలోకి రండి, మీది వెనక. పరుగు వద్దు, అరుపు వద్దు. రోజూ ఒకే వేళకు ఒకే దారిలో వెళ్తే నెలలో అవే అలవాటుపడతాయి. ఏటా రేబిస్ టీకా, జీహెచ్‌ఎంసీ రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించండి.

తిండి వాసనలున్న చోట పని నేర్పడానికి ఇరానీ హోటల్ పక్క సందు మంచి చోటు. బేకరీలోంచి ఉస్మానియా బిస్కెట్లు దిగే వేళ తప్పించి మొదలుపెట్టండి. రెండు వారాలయ్యాక సరిగ్గా ఆ వేళకే వెళ్లండి.

ఇంటి జీవితం

లచ్చికి పని మొదలయ్యేది ఛాతీకి కట్టే పట్టీ తొడిగినప్పుడు, అయిపోయేది విప్పినప్పుడు. పట్టీ మేకు నుంచి తీస్తున్న చప్పుడుకే లేచి తలుపు దగ్గర నిలబడుతుంది. పట్టీ విప్పగానే ఒళ్లంతా ఒకసారి దులుపుకుని, గిన్నెలో నీళ్లు తాగి, అమ్మ దగ్గరికి పోతుంది. ఈ తేడా మీరే కట్టాలి. పట్టీ లేనప్పుడు "వెతుకు" అనే మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. బంధువులొచ్చి "చూపించరాదూ ఒకసారి" అంటే పట్టీ తొడిగి, డబ్బా దాచి, సక్రమంగా చూపించండి. ఉత్తుత్తి వెతుకులాట ఒక్కసారి పెడితే మీ మాట విలువ పోతుంది.

పడుకోవడానికి ఒక చోటు ఇవ్వండి. అది అక్కడుంటే ఎవరూ కదిపి లేపకూడదు, పిల్లలకు ఇది ముందే చెప్పాలి. పనిచేసే కుక్క రోజులో ఎక్కువసేపు నిద్రపోవాలి.

తిండి రెండు పూటలా, పని ముగిసిన గంట తర్వాత. కడుపు నిండా పెట్టి వెంటనే పరుగెత్తిస్తే పెద్ద కుక్కల్లో కడుపు మెలిపడొచ్చు, అది ప్రాణం తీసే సంగతి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ పెట్టకూడదు. బిర్యానీ ఎముక అసలే వద్దు, ఉడికిన ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఆదివారం వచ్చిన చుట్టాలకు ఈ మాట మా అమ్మే చెప్తుంది, నాకన్నా గట్టిగా.

వానలు మొదలయ్యాక రోజూ రాత్రి కాలివేళ్ల మధ్య, చెవుల లోపల, మెడపట్టా కింద చేతివేళ్లతో తడమండి. పిడుదులు అక్కడే దాగుతాయి. పిడుదు జ్వరం మన ఊళ్లో తరచూ కనపడుతుంది. తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం ఆ తర్వాత సంగతి. చాలాసార్లు మొదట తగ్గేది పనే. రోజూ అర నిమిషంలో పట్టే డబ్బా నాలుగు నిమిషాలైనా దొరకలేదంటే కుక్కను తిట్టకండి, రక్తపరీక్ష చేయించండి. నోటు పుస్తకం ఇందుకూ పనికొస్తుంది.

బోనాలకు, గణపతికి తీన్మార్ డప్పు తప్పదు. జూన్‌లోనే మొదలుపెట్టి, డప్పు నేర్చుకునే కుర్రాళ్లుండే వీధికి ఒక వీధి అవతల నిలబడి, చికెన్ ముక్కలిస్తూ, రోజుకో పదడుగులు దగ్గరికి జరగండి. చెవులు వెనక్కి పడితే ఇరవై అడుగులు వెనక్కి. దీపావళి రాత్రి మాత్రం తర్ఫీదు వద్దు. కిటికీలు మూసి, కూలర్ వేసి, పక్కన కూర్చోండి.

అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్లు కుక్కే వద్దంటే, అలా నిషేధించే అధికారం వాళ్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చిందని చూపించండి. అయినా మెట్లు తుడవడం, మలం ఎత్తడం మన బాధ్యత. మా బిల్డింగులో గొడవ చట్టంతో తీరలేదు. లవంగాల అమ్మమ్మ వకాల్తా పుచ్చుకుంది.

ముసలితనం వచ్చాక

ఎనిమిది, తొమ్మిదేళ్లకు పని ఆపాలి. నడుము పట్టేస్తుంది, కళ్లు మసకబారతాయి. ముక్కు మాత్రం ఇంకా పనిచేస్తుంది కాబట్టి కూలి కూడా ఆపేయకండి. పట్టీ తొడగండి, బరువనిపిస్తే మెడపట్టా చాలు. డబ్బాలు ముక్కెత్తులోనే పెట్టండి, వంగే పనీ ఎగిరే పనీ లేకుండా. జారే గచ్చుమీద గోనెపట్టాలు పరవండి. ఒకే గది, మూడు డబ్బాలు, రెండు నిమిషాలు, రోజుకోసారి. దొరికినప్పుడు కూర్చోలేకపోతే నిలబడే చెప్పనివ్వండి.